వానలో, పొగమంచులో ట్రెయిల్ రన్నింగ్: జారడం సంగతి సరే, ఆగితే ఎలా?

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. రోడ్డు మీద హాఫ్ మారథాన్ హాయిగా పూర్తి చేస్తున్నారు. ఇప్పుడు మొదటిసారి కొండల్లో 25 కిలోమీటర్ల ట్రెయిల్ రేసుకు, అంటే మట్టి, రాతి కాలిబాటల మీద జరిగే పరుగుకు పేరిచ్చారు. ఆ కాలంలో అక్కడ ముసురు, పొగమంచు మామూలేనని ఎవరో చెప్పేసరికి టెన్షన్ పట్టుకుంది. జారిపడకుండా ఉండాలంటే ఏ షూస్ కొనాలి, పొగమంచులో దారి తప్పకుండా ఎలా వెళ్ళాలి, వాతావరణం మరీ పాడైతే పరుగెత్తాలా మానేయాలా అని అడిగారు. మూడింటికీ వస్తాను. దానికంటే ముందు మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే మిగతా జవాబులన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

కొత్తగా వచ్చేవాళ్ళందరికీ జారిపడతామనే భయం. చాలా ఏళ్ళుగా తడి కొండల్లో పరుగెత్తుతూ, మధ్యమధ్యలో చెక్‌పాయింట్ల దగ్గర వాలంటీరుగా నిలబడుతూ వచ్చిన నాకు మాత్రం ఆగిపోవడమంటేనే భయం. పరుగులో ఉన్నంతసేపూ కండరాలు బోలెడంత వేడి పుట్టిస్తాయి. టీషర్టు తడిసి ముద్దయినా చలి తెలియదు. చీలమండ మడతపడి కుంటడం మొదలైందనుకోండి, లేదా రెండు దారులు చీలిన చోట ఎటు వెళ్ళాలో తెలియక పది నిమిషాలు నిలబడిపోయారనుకోండి, ఆ వేడి ఒక్కసారిగా పడిపోతుంది. తడి బట్టా, గాలీ మాత్రం వాటి పని ఆపవు. ఒంటిని అంటుకున్న నీరు, అంతే చల్లగా ఉన్న గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. దీనికి గడ్డకట్టే చలి అక్కర్లేదు. పది డిగ్రీలు, సన్నటి వాన, కొండ గట్టు మీద గాలి, ఈ మూడూ కలిస్తే చాలు.

అందుకని ప్రతి సామానునీ, ప్రతి నిర్ణయాన్నీ ఒకే ప్రశ్నతో చూడటం అలవాటు చేసుకోండి. ఇప్పుడు ఇక్కడ ఓ అరగంట కదలకుండా కూర్చోవాల్సి వస్తే నా పరిస్థితి ఏమిటి? దీనికి జవాబు ఉన్నవాళ్ళు జారినా ఫరవాలేదు, దారి తప్పినా ఫరవాలేదు.

ఇదేదో భయపెట్టడానికి అంటున్న మాట కాదు. 2021 మే 22న చైనాలోని గన్సూ రాష్ట్రంలో, ఎల్లో రివర్ స్టోన్ ఫారెస్ట్ దగ్గర 100 కిలోమీటర్ల కొండ రేసు జరిగింది. 172 మంది బయల్దేరితే 21 మంది చనిపోయారు. చాలామంది ఒంటి మీద నిక్కరు, పల్చటి టీషర్టు. మధ్యాహ్నం నిటారు కొండ ఎక్కుతుండగా చలివాన, వడగళ్ళు, ఈదురుగాలి ఒకేసారి విరుచుకుపడ్డాయి. గాలిని ఆపే జాకెట్ ఆ రేసు తప్పనిసరి సామాన్ల జాబితాలో లేదు, తెచ్చుకుంటే మంచిదన్న వరుసలో మాత్రమే ఉంది. పోయినవాళ్ళలో ఆ దేశంలో అగ్రశ్రేణి అల్ట్రా రన్నర్లూ (మారథాన్ కంటే ఎక్కువ దూరాలు పరుగెత్తేవాళ్ళు) ఉన్నారు, కాబట్టి ఫిట్‌నెస్ తక్కువై జరిగిందని అనుకోవడానికి లేదు. అక్కడ గొర్రెలు కాసుకునే ఒకాయన ఆరుగురిని గుహలోకి చేర్చి, మంట వేసి, దుప్పట్లు కప్పి బతికించాడు. వాళ్ళకు దక్కినవల్లా గాలి తగలని చోటు, పొడి బట్ట, కాస్త వెచ్చదనం. మనం వీపు సంచిలో మోసుకెళ్ళాల్సిందీ సరిగ్గా అదే.

కింద బయల్దేరేటప్పటి వాతావరణాన్ని అస్సలు నమ్మొద్దు. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకూ సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయి. మబ్బులో, పొగమంచులో ఉన్నప్పుడు కాస్త తక్కువగా, ఐదారు అనుకోండి. అంటే స్టార్ట్ లైన్ దగ్గర 16 డిగ్రీలుంటే 800 మీటర్ల పైన 11 లేదా 12. దానికి గాలి తోడైతే ఒంటికి తెలిసేది అంతకన్నా చాలా తక్కువ. వాతావరణ సూచన చూసేటప్పుడు కింద ఉన్న ఊరిది చూస్తే లాభం లేదు. మీరు ఎక్కే ఎత్తుకు విడిగా సూచన ఇచ్చే సైట్లు, యాప్‌లు ఉన్నాయి, అవి చూడండి. అందులో కూడా వాన ఎన్ని మిల్లీమీటర్లు అన్నదాని కంటే గాలి వేగం మీద ఎక్కువ కన్నేయండి.

చలి ఒంట్లోకి దిగుతోందని ముందుగా చెప్పేవి చేతివేళ్ళు. బొటనవేలిని అదే చేతి చిటికెనవేలికి తాకించి చూడండి. తేలిగ్గా తాకితే బాగానే ఉన్నట్టు. వేళ్ళు కొంకర్లు పోయి తాకలేకపోతుంటే ఇంకో కిలోమీటరు చూద్దాం అనుకోవద్దు, అక్కడే ఏదో ఒకటి చేయాలి. ఆ తర్వాత మాట ముద్దముద్దగా రావడం, చదునైన దారిలోనే కాలు తట్టుకోవడం, కారణం లేకుండా చిరాకు లేదా దేనిమీదా పట్టింపు లేకపోవడం వరుసగా వస్తాయి. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే దాన్ని హైపోథర్మియా అంటారు. ఇంకా తగ్గి 32 దగ్గరికి వచ్చేసరికి వణుకు ఆగిపోవచ్చు. వెచ్చబడకుండానే వణుకు ఆగిందంటే శరీరం చేతులెత్తేసిందని అర్థం. ఈ స్థితిలో ఉన్న మనిషిని అడిగితే నూటికి తొంభైసార్లు "బాగానే ఉన్నాను, మీరు వెళ్ళండి" అనే జవాబే వస్తుంది. చెక్‌పాయింట్‌లో నేను ఆ మాట పట్టించుకోను. వందలోంచి ఏడేసి తీసేస్తూ లెక్క చెప్పమంటాను. తొంభై మూడు, ఎనభై ఆరు దగ్గర ఆగిపోయి శూన్యంలోకి చూస్తున్నారంటే వాళ్ళని టెంట్‌లో కూర్చోబెట్టాల్సిందే, ఎంత గొడవ చేసినా సరే.

తోడు రన్నర్‌ని అలా చూస్తే ఏం చేయాలో కూడా ఇక్కడే చెప్పేస్తాను. గాలి తగలని చోటుకి చేర్చాలి. తడి బట్ట మార్చగలిగితే మార్చాలి, లేదంటే దాని మీదే గాలి చొరబడని జాకెట్ వేయాలి. నేల మీద నేరుగా కూర్చోనివ్వకుండా కింద బ్యాగో, ఎండుటాకులో వేయాలి. మింగగలిగే స్థితిలో ఉంటే తీపి ఏదైనా తినిపించాలి. వేడి పుడుతుందని కాళ్ళూ చేతులూ గట్టిగా రుద్దకూడదు. మందు చుక్క పోస్తే వెచ్చబడతారనేది శుద్ధ తప్పు, అది చర్మం కిందకి రక్తాన్ని తోసి ఉన్న వేడిని కూడా పోగొడుతుంది.

ఇక బట్టల సంగతి. కాటన్ ఏదీ వద్దు, లోపలి బట్టలతో సహా. ఒంటికి అంటుకుని ఉండే పల్చటి సింథటిక్ లేదా మెరీనో ఉన్ని టాప్ వేసుకోండి. జాకెట్ కొనేటప్పుడు లేబుల్ మీద 10,000 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ రేటింగ్, లోపల కుట్ల మీద టేపు, తలకి హుడ్ ఉన్నాయో లేదో చూడండి. ఆల్ప్స్‌లో మాంట్ బ్లాంక్ చుట్టూ జరిగే పెద్ద ట్రెయిల్ రేసు యూటీఎంబీ తప్పనిసరి సామాన్ల జాబితాలో అడిగేది కూడా ఇలాంటి జాకెట్టే. అయితే ఒక భ్రమ ముందే పోగొట్టుకోవాలి. ఎంత ఖరీదైన జాకెట్ అయినా పరుగులో మిమ్మల్ని పొడిగా ఉంచలేదు. బయటి నీళ్ళు ఆపుతుంది సరే, లోపల పట్టిన చెమట ఎటు పోతుంది? మీరు ఎలాగూ తడుస్తారు. జాకెట్ పనల్లా గాలిని ఆపి, ఆ తడిని వెచ్చగా ఉంచడం. ఈ లెక్కలో చూస్తే పైన చెప్పినవి ఉన్న చవక జాకెట్ అయినా సైజు సరిపోయి, హుడ్ బిగించుకునేలా ఉంటే చాలు.

ఎప్పుడు వేసుకోవాలన్నదే అసలు పాయింట్. చలేసినప్పుడు వేసుకుందాంలే అనుకుంటే అప్పటికి వేళ్ళు జిప్పుని పట్టుకోవు. చెట్ల మధ్య దారి అయిపోయి బయలు గట్టు మీదకి ఎక్కబోయే ముందు, ఇంకా ఒళ్ళు వెచ్చగా ఉండగానే వేసేసుకోండి. కొంచెం ఉక్కపోసినా ఫరవాలేదు. హుడ్ కింద అంచున్న టోపీ పెట్టుకుంటే హుడ్ కళ్ళ మీద పడదు, చినుకులూ కళ్ళల్లో కొట్టవు. సంచి అడుగున జిప్‌లాక్ కవర్లో ఒక పొడి ఫుల్ హ్యాండ్స్ టాప్, ఒక జత గ్లవ్స్ ఉండాలి. వీటిని పరుగులో వాడకూడదు, ఆగితే వేసుకోవడానికే. వాటి పక్కనే వెండిరేకులా మెరిసే సర్వైవల్ దుప్పటి, కనీసం 1.40 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల పొడవున్నది. గాలికి చిరిగి ఎగిరిపోతుంది కాబట్టి దాన్ని జాకెట్ పైన కప్పుకోకుండా లోపల చుట్టుకోండి.

తిండి గురించి ఒక్క మాటే. పరుగులో శక్తి కోసం మింగే తీపి జెల్ ప్యాకెట్‌ని తడి గ్లవ్స్‌తో, మొద్దుబారిన వేళ్ళతో చింపాలని ఇంట్లో ఒకసారి ప్రయత్నించి చూడండి, నేనెందుకు చెప్తున్నానో తెలుస్తుంది. పళ్ళతో లాగితే చిన్న ముక్క ఊడివస్తుంది తప్ప నోరు తెరుచుకోదు. బార్లు, ఖర్జూరాలు లాంటివి రేపర్ తీసేసి చిన్న కవర్లో వేసుకుని జేబులో పెట్టుకోండి. చలిలో దాహం తెలియదు, ఆకలీ సరిగ్గా తెలియదు. వాచ్‌లో అలారం పెట్టుకుని అరగంటకోసారి తినడమే మార్గం. కడుపులో ఏమీ లేకపోతే వణకడానికి కూడా ఓపిక ఉండదు.

ఇప్పుడు షూస్. రోడ్డు షూస్‌తో తడి ట్రెయిల్ వద్దు, ఇందులో చర్చకు ఏమీ లేదు. ట్రెయిల్ షూస్‌లో అడుగున ఉండే రబ్బరు పళ్ళని లగ్స్ అంటారు. మెత్తటి బురద ఎక్కువగా ఉండే దారికి 5, 6 మిల్లీమీటర్లు లేదా ఇంకా పైన ఉన్న లగ్స్, ఒకదానికొకటి దూరంగా ఉన్నవి బాగుంటాయి. దగ్గరదగ్గరగా ఉంటే మధ్యలో బురద ఇరుక్కుని అడుగంతా నున్నటి బిళ్ళలా తయారవుతుంది. రాళ్ళు ఎక్కువైతే మాత్రం లెక్క తిరగబడుతుంది. లోతైన లగ్స్ కొసలు మాత్రమే రాయిని తాకుతాయి, పట్టు తగ్గుతుంది. అక్కడ 3, 4 మిల్లీమీటర్ల లగ్స్, తడి రాయిని పట్టే మెత్తటి రబ్బరు మేలు. వైబ్రమ్ మెగాగ్రిప్ లాంటి పేర్లు చూసే ఉంటారు, అలాంటి మెత్తటి రబ్బరు కాస్త తొందరగా అరగొచ్చు, కానీ తడి రాతి మీద తేడా స్పష్టంగా తెలుస్తుంది. మీ రేసు దారి ఎక్కువగా రాయా, మట్టా అన్నది కనుక్కున్నాకే కొనండి. అన్నిటికీ పనికొచ్చే ఒక్క జత లేదు.

గోర్‌టెక్స్ షూస్, అంటే నీళ్ళు చొరబడని పొర ఉన్నవి కొందామా అని చాలామంది అడుగుతారు. చీలమండ పైకి నీళ్ళు వచ్చే చోట అవి వద్దనే అంటాను. పైనుంచి ఒకసారి లోపలికి వెళ్ళిన నీరు బయటికి పోయే దారి ఉండదు. జాలీ గుడ్డతో ఉన్న మామూలు షూ తడుస్తుంది, నాలుగు అడుగుల్లో నీళ్ళు కక్కేస్తుంది. కాళ్ళు తడుస్తాయి, తప్పదు. తడిసిన కాళ్ళు ఒరుసుకోకుండా చూసుకోవడమే మన చేతిలో ఉంది. వేళ్ళ మధ్య, మడమ మీద పెట్రోలియం జెల్లీ దట్టంగా పట్టించి, పల్చటి ఉన్ని లేదా సింథటిక్ సాక్సులు వేసుకోండి. తొడల మధ్య, చంకల్లో, బ్యాగు పట్టీలు ఒరుసుకునే చోట కూడా. లేసులు పై రంధ్రం దాకా బిగించి, మడమ లేవకుండా కట్టుకోండి.

షూ ఎంత మంచిదైనా కొన్నింటి మీద పట్టు దొరకదు. తడి వేర్లు, నాచు పట్టిన రాయి, చెక్క వంతెన, ఇనుప జాలీ, పెయింటు వేసిన రాయి. వీటి మీద కాలు పెట్టే పద్ధతే కాపాడుతుంది. వేరునే తీసుకోండి. దారికి అడ్డంగా, తిన్నగా పడి ఉన్న వేరు కంటే ఏటవాలుగా పల్లం వైపు పాకిన వేరు ప్రమాదం. బెరడు ఊడిపోయి నున్నగా, లేత రంగులో మెరుస్తున్నదైతే దాని మీద సబ్బు రాసినట్టే. వీలైతే దాటేయండి. తొక్కక తప్పదంటే పాదం మధ్యభాగంతో, నేరుగా పైనుంచి, ఊరికే ఆనించి తీసేయండి. అక్కడినుంచి తన్నుకుని ముందుకు పోవాలని చూస్తే కాలు వెనక్కి జారిపోతుంది. రాళ్ళలో గరుకుగా, లేత రంగులో ఉన్నవి ఎక్కువసార్లు పట్టు ఇస్తాయి. నల్లగా, ఆకుపచ్చగా నిగనిగలాడేవాటికి దూరం. చెక్క వంతెన మీద నడవండి, పరుగు వద్దు. మేకుల వరుస కనబడుతుందే, దాని కింద దూలం ఉంటుంది. ఆ వరుస మీద నడిస్తే చెక్క ఊగదు.

దిగుడులో కొత్తవాళ్ళు భయంతో వెనక్కి వాలిపోతారు. వెనక్కి వాలిన కొద్దీ మడమ ముందు పడుతుంది, మడమ జారితే కూలబడేది వీపు మీదే. కాస్త మోకాళ్ళు వంచి, బరువు పాదాల మీదే ఉంచి, అడుగులు బాగా చిన్నవి చేసి, గబగబా వేయండి. ఒక్కో అడుగు నేల మీద ఎంత తక్కువసేపు ఉంటే జారడానికి అంత తక్కువ అవకాశం. చేతులు విడిగా వదిలేయండి, అందంగా కనబడనక్కర్లేదు. చూపు కాళ్ళ దగ్గర కాకుండా మూడు నాలుగు మీటర్ల ముందుండాలి. పోల్స్ (చేతికర్రలు) వాడితే దిగుడులో మణికట్టు పట్టీలు తీసేయండి, పడితే చేయి ఇరుక్కోకుండా. బురద గుంటలు వస్తే పక్కనుంచి తిరగకుండా మధ్యలోంచే పోండి. గుంట అంచులే ఎక్కువ జారతాయి, పైగా అందరూ పక్కలు తొక్కితే దారి వెడల్పయి గడ్డి చచ్చిపోతుంది. నీళ్ళు పారుతున్నా, లోతు తెలియకపోయినా మాత్రం ఆ సలహా వర్తించదు.

పేస్, అంటే కిలోమీటరుకి ఎంతసేపు అన్న సంగతి వాచ్ చూసి తేల్చకండి. మీ రోడ్డు పేస్‌కూ, తడి కొండ పేస్‌కూ సంబంధం లేదు. శ్రమ ఎంత అన్నదే కొలత. పక్కవాళ్ళతో రెండు వాక్యాలు మాట్లాడగలిగేంత ఊపిరి మిగిలి ఉండాలి. ఎందుకంటే అలిసిపోయినవాళ్ళు నడుస్తారు, నడిస్తే చలి, చలితో కాలు తడబాటు. మొదటి సగంలో జోరు చూపించి చివర్లో వణుకుతూ నడిచేవాళ్ళని ప్రతి ముసురు రేసులోనూ చూస్తాను.

పొగమంచుకి వద్దాం. వాతావరణ శాఖల లెక్కలో కిలోమీటరు కంటే తక్కువ దూరం కనబడితే అది పొగమంచు. కొండ మీద కిలోమీటరు సంగతి ఎందుకు, ఇరవై మీటర్లు కనబడితే గొప్ప. అక్కడ చాలాసార్లు మనం పొగమంచు అనేది నిజానికి కొండని కప్పేసిన మబ్బే. అది తెల్లారాక ఎండకి విచ్చుకుపోతుందని ఎదురుచూడటం దండగ, గాలి మారితేనే కదులుతుంది.

మీ రేసు తెల్లవారకముందు మొదలవుతుందన్నారు కాబట్టి లైటు గురించి వివరంగా చెప్తాను. నుదుటి మీద హెడ్‌ల్యాంప్‌ని ఫుల్ పవర్‌లో పెడితే ఎదురుగా తెల్లటి గోడ లేస్తుంది. కాంతి కళ్ళకి దగ్గరగా బయల్దేరి, మంచు బిందువులకి తగిలి తిన్నగా కళ్ళల్లోకే తిరిగొస్తుంది. పైగా చలిలో మీరు వదిలే ఊపిరే ఆవిరై లైటు ముందు మబ్బులా వేలాడుతుంది. ప్రతి నిశ్వాసకీ ఒక క్షణం ఏమీ కనబడదు, అది తేలిపోగానే మళ్ళీ కనబడుతుంది, ఇంతలో ఇంకో ఊపిరి. దీనికి మందు సులువే. లైటుని తలమీంచి తీసి నడుం దగ్గర బెల్టుకి కట్టుకోండి, లేదా చేత్తో పట్టుకుని తొడ ఎత్తులో ఉంచండి. వెలుతురు తగ్గించి, కిందకి వంచి, ఐదారు మీటర్ల నేల కనబడేలా పెట్టండి. కాంతి కిందనుంచి వస్తే ప్రతి రాయికీ, వేరుకీ నీడ పడుతుంది, ఎత్తుపల్లాలు తెలుస్తాయి. నుదుటి లైటు కింద నేలంతా చదునుగా కనబడి మోసం చేస్తుంది.

పసుపు రంగు లైటు పొగమంచుని చీల్చుకుపోతుందని గట్టిగా నమ్మేవాళ్ళున్నారు. మంచు బిందువులు కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి, అందుకే అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. పొగమంచు తెల్లగా కనబడేదీ అందుకే. పసుపు కాంతి కళ్ళకి కాస్త హాయిగా అనిపిస్తే వాడుకోండి, అంతకు మించి ఆశించకండి. రంగు కంటే లైటు ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. రెండో లైటు చిన్నదైనా సరే వెంట ఉండాలి. చీకట్లో మొదటి లైటు బ్యాటరీ మార్చుకోవడానికి కూడా అది కావాలి. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి ఆగినప్పుడల్లా అద్దాలు మసకబారతాయి. యాంటీఫాగ్ ద్రవం రాసుకోవడం, టోపీ అంచు ముందుకి లాగడం కొంత పనిచేస్తాయి, పూర్తిగా పనిచేసేది నాకింకా దొరకలేదు.

దారి తప్పడం ఎక్కుడులో తక్కువే. దిగుడులో, ఊపు మీద ఉన్నప్పుడు, ముందు రన్నర్ వీపు చూసి గుడ్డిగా పరుగెత్తుతూ మలుపు దాటేస్తాం. ఆ ముందాయనకి దారి తెలుసని ఎవరు చెప్పారు? ఇంకో ప్రమాదకరమైన చోటు శిఖరం మీద. అక్కడినుంచి నాలుగైదు గట్లు నాలుగు వైపులకి దిగుతాయి. పైన కొద్దిగా పక్కకి తిరిగితే కింద తేలేది వేరే లోయలో. పొగమంచులో దిశ తెలిసిపోతుందనే నమ్మకం కూడా పెట్టుకోకండి. సూర్యుడు, చంద్రుడు కనబడకపోతే తిన్నగా నడుస్తున్నామనుకుంటూనే మనుషులు గుండ్రంగా తిరిగి తమ దారినే అడ్డంగా దాటతారని జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2009లో చూపించారు. అడవిలో, ఎడారిలో మనుషులకి జీపీఎస్ కట్టి నడిపించి మరీ చూశారు.

రేసు వాళ్ళిచ్చే జీపీఎక్స్ ఫైలుని (రేసు దారి మొత్తం నమోదై ఉండే ఫైలు) వాచ్‌లోకి ఎక్కించుకోండి, దారి తప్పితే వైబ్రేట్ అయ్యే అలర్ట్ ఆన్ చేయండి. కానీ ఆ అలర్ట్ తప్పిన వెంటనే రాదు, లోతైన లోయల్లో, దట్టమైన చెట్ల కింద జీపీఎస్ పది ఇరవై మీటర్లు అటూఇటూ చూపిస్తుంది. సమాంతరంగా రెండు దారులు పోతుంటే అది చాలు కొంప ముంచడానికి. ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ ఉంచుకోండి, అయితే తడి వేళ్ళకి, తడి స్క్రీన్‌కి టచ్ పనిచేయదని గుర్తుంచుకోండి. ఫోన్‌ని జిప్‌లాక్ కవర్లో, ఒంటికి దగ్గరగా ఉన్న జేబులో పెట్టండి. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది.

వీటన్నిటికంటే నాకు పనికొచ్చేది ముందురోజు రాత్రి చేసే పని. మ్యాప్ ముందేసుకుని దారిని ముక్కలుగా విడగొట్టి ఒక చీటీ రాసుకుంటాను. "మొదటి 4 కిలోమీటర్లు వాగు ఎడమ చేతి వైపు. వంతెన దాటాక ఎక్కుడు. 900 మీటర్ల ఎత్తులో దారి చీలుతుంది, కుడి." ఇలాగ. పొగమంచులో దూరంగా ఏమీ కనబడదు గానీ వాగు చప్పుడు వినబడుతుంది, కాళ్ళ కింద ఎక్కుడో దిగుడో తెలుస్తుంది, వాచ్‌లో ఎత్తు కనబడుతుంది. చీటీలో 900 అని ఉండి వాచ్‌లో 940 కనబడితే మలుపు దాటిపోయిందేమో అని అనుమానం రావాలి. గాలి పీడనంతో ఎత్తు లెక్కించే వాచ్‌లు వాతావరణం మారితే కొంత తేడా చూపిస్తాయి, కాబట్టి ఎత్తు తెలిసిన చోట సరిచేసుకోండి. బ్రిటన్‌లో ఫెల్ రన్నర్లకి, అంటే అక్కడి కొండల మీద పరుగెత్తేవాళ్ళకి ఈ అలవాటు బాగా ఎక్కువ. అక్కడ కొండ రేసులకి మ్యాప్, కంపాస్, విజిల్ వెంట పెట్టుకుని రమ్మంటారు, చాలా రేసుల్లో గుర్తులు కూడా పెట్టరు.

గుర్తులున్న రేసులో నియమం ఒకటే. కాసేపటిదాకా రిబ్బన్ గానీ బాణం గానీ కనబడలేదంటే ముందుకెళ్ళి వెతకకండి. చివరిసారి గుర్తు చూసిన చోటికి వెనక్కి రండి. ఎక్కుడు మళ్ళీ ఎక్కాలంటే ప్రాణం ఉసూరుమంటుంది, తెలుసు. అడ్డంగా కోసుకుపోతే అసలు దారి తగులుతుందిలే అనిపిస్తుంది. పొగమంచులో అలా కోసుకుపోయినవాళ్ళకి తగిలేవి తుప్పలు, లేదా రాతి అంచు. వెనక్కి వస్తే పోయేది పది నిమిషాలు. పూర్తిగా దారి తెలియకపోతే ఒకచోట ఆగి, పొడి టాప్, జాకెట్, దుప్పటి వేసుకుని విజిల్ ఊదండి. ఆల్ప్స్ పద్ధతిలో నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరుసార్లు. నిమిషానికి మూడుసార్లు జవాబు వస్తే ఎవరో విన్నట్టు. అరుపు కంటే విజిల్ దూరం పోతుంది, గొంతూ పోదు.

వాగులు, పిడుగులు వేరే చర్చ, క్లుప్తంగా చెప్తాను. పైన ఎక్కడో కురిసిన వాన అరగంటలో వాగు రూపం మార్చేస్తుంది. వేగంగా పారే నీళ్ళు 15 సెంటీమీటర్ల లోతున్నా మనిషిని పడగొట్టగలవు. నీళ్ళు మట్టిరంగులో ఉండి, అడుగున రాళ్ళు దొర్లుతున్న చప్పుడు వస్తుంటే దాటొద్దు, రేసు పోయినా సరే. ఉరుము వినబడిందంటే పిడుగు పడగల దూరంలో ఉన్నట్టే. పొగమంచులో మెరుపు కనబడకపోవచ్చు కాబట్టి చెవినే నమ్మాలి. గట్టు దిగేయండి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్ళీ ఎక్కకండి.

చివరి ప్రశ్న, వెళ్ళాలా మానాలా. వాన ఒక్కటే అయితే వెళ్ళండి, మజాగా ఉంటుంది. పొగమంచు ఒక్కటే అయితే నెమ్మదిగా వెళ్ళండి. వాన, గట్టి గాలి, పది డిగ్రీల లోపు చలి కలిసి ఉన్నాయని శిఖరం ఎత్తుకి సూచన చెప్తుంటే, మీకు ఇది మొదటి ట్రెయిల్ కాబట్టి మానేయమంటాను. ఉరుములుంటే ఎంత అనుభవం ఉన్నవాళ్ళయినా సరే. నిర్వాహకులు దారి కుదించినా, వాయిదా వేసినా తిట్టుకోకండి. మధ్యలో వెనక్కి తిరగడానికి నా లెక్క ఇది. ఏదైనా ఒకటి పాడైతే సర్దుకుని వెళ్తాను, రెండు ఒకేసారి పాడైతే తిరిగొస్తాను. లైటు ఆగిపోవడం ఒకటి. లైటు ఆగి, చేతులు కూడా మొద్దుబారడం రెండు. ఈ లెక్క ఇంట్లోనే వేసుకోవాలి. కొండ మీద చలిలో మెదడు చెప్పే లెక్కలన్నీ ముందుకే పొమ్మంటాయి.

రేసుకి ముందు ఒక పని చేయండి. చినుకులు పడే రోజు చూసుకుని, బాగా తెలిసిన చిన్న దారిలో, ఎవరినైనా తోడు తీసుకుని ఓ గంట పరుగెత్తండి. ఒళ్ళు బాగా తడిశాక మధ్యలో కావాలనే పది నిమిషాలు ఆగండి. ఎంతసేపటికి చలి మొదలైందో చూడండి. ఆ వేళ్ళతోనే బ్యాగు జిప్పు తీసి, పొడి టాప్ వేసుకుని, జాకెట్ తొడుక్కుని, లైటు బ్యాటరీ మార్చి, విజిల్ ఎక్కడుందో వెతికి చూడండి. సంచిలో ఏది పైన ఉండాలో, ఏది అడుగున ఉండాలో ఆ పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఫినిష్ లైన్ దాటాక కూడా ఇదే గుర్తుంచుకోండి. ఫోటోలు, కబుర్లు తర్వాత. ముందు తడి బట్టలు మార్చి, తలకి టోపీ పెట్టి, వేడిగా ఏదైనా తాగండి. పరుగు ఆపాక కూడా కొంతసేపు ఒంటి ఉష్ణోగ్రత పడుతూనే ఉంటుంది. షూస్‌లో న్యూస్‌పేపర్ కుక్కి, తడిసినప్పుడల్లా మార్చుతూ నీడలో ఆరబెట్టండి. హీటర్ ముందు పెడితే జిగురు ఊడుతుంది.

మీ రేసు మ్యాప్, ఎత్తుల గ్రాఫ్ దొరికితే పంపండి. ఏయే చోట్ల దారి తప్పే అవకాశం ఉందో, ఎక్కడ జాకెట్ వేసుకుంటే బాగుంటుందో చూసి చెప్తాను. దారి రాయా మట్టా అన్నది కూడా కనుక్కుని రాయండి, దాన్నిబట్టి షూస్ సంగతి తేలుద్దాం.